గంగారత్నం పిలుపులు

బెజవాడ గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పక్క సందులో, మేడమీద గదిలో కూర్చుని గంగారత్నం ఎంత పెద్ద విందైనా నడిపించేస్తుంది. బందరు వైపు చేపలు పట్టే కుటుంబంలో పుట్టింది. తల్లి గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మిన ఊళ్ళలోనే పన్నెండేళ్ళుగా పెళ్ళిభోజనాలు పెడుతోంది. తన పని మీద ఆమెకు అనుమానం లేదు, ఉన్నట్టు నటించే ఓపికా లేదు.

ఈ ఏడు మొదటిసారి ఒక కంపెనీ విందు ఆమె చేతికొచ్చింది. రొయ్యల మేత కంపెనీవాళ్ళు తమ పెద్ద రైతులు నలభై మందికి, కంకిపాడు దగ్గర కాలువ గట్టు మీదున్న తెల్లదొరలనాటి బంగళాలో విందు ఇస్తున్నారు. హైదరాబాదు నుంచి వచ్చిన కుర్ర మేనేజరు భానుచందర్ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. విందు నిండుగా జరిగితే ఏడాది పొడుగునా కంపెనీ విందులన్నీ ఆమెవే. కుర్చీలు ఖాళీగా ఉంటే ఇదే మొదటిదీ చివరిదీ.

వరండాలో బల్లలెక్కడో, పొయ్యిలెక్కడో చకచకా తేల్చేసి, విందుకు నాలుగు రోజుల ముందు గంగారత్నం అడిగింది. "పిలుపులు ఎంతవరకొచ్చాయి సార్?"

"అయిపోయాయండీ. వాట్సాప్‌లో లింకు పంపాను. నలభైకి నలభై మందీ యస్ కొట్టారు," అని భానుచందర్ గర్వంగా ఫోను చూపించాడు.

'ఒక్కరికి మాత్రమే ప్రవేశం. గేటు వద్ద కోడ్ చూపించవలెను' అని ఉంది అందులో. గంగారత్నం ఫోను తిరిగి ఇచ్చేసింది.

"ఒక్కరూ రారండీ."

"యస్ అన్నారు కదా!"

"మా వైపు మొహమ్మీద రానని ఎవరంటారు సార్? గడప తొక్కి పిలవందే పిలిచినట్టు కాదు."

అతను నమ్మలేదు. ఆమె అతన్ని తిన్నగా రామకోటేశ్వరరావు గారింటికి తీసుకెళ్ళింది. ఆయన కదిలితేనే మిగతా రైతులు కదులుతారు.

"విందుకొస్తున్నారా బాబాయ్ గారూ?"

"ఎందుకు రాను అమ్మాయ్?" అన్నాడాయన పేపర్లోంచి తలెత్తకుండా. "గేటు దగ్గర ఫోను చూపించి, నేను నేనేనని రుజువు చేసుకుని మరీ అన్నం తింటాను."

భానుచందర్ మొహం ఎర్రబడింది. చేతులు జోడించాడు. "తప్పయిపోయిందండీ. పిలవడానికి నేనే వచ్చాను. అమ్మగారితో కలిసి రావాలి."

ఆ చివరి మాట గంగారత్నం నేర్పింది కాదు, అతనికే తోచింది. కుర్రాడు పనికొస్తాడని ఆమెకు నమ్మకం కుదిరింది. పెద్దాయన పేపరు మడిచి, "ఏమేవ్, కాఫీలు పట్రా!" అని లోపలికి కేకేశాడు.

మూడు రోజుల్లో ఇద్దరూ నలభై గడపలూ తొక్కి, అందరినీ జంటగా రమ్మని పిలిచారు. ఏమిచ్చినా కాదనకూడదు కనుక భానుచందర్ అన్నిచోట్లా ఏదో ఒకటి తాగాడు. రెండో రోజుకే మజ్జిగ పేరెత్తితే దణ్ణం పెట్టేవాడు.

విందు రోజు సాయంత్రం గంగారత్నం గేటు దగ్గర నిలబడింది. పైకి నవ్వుతూనే ఉంది కానీ లోపల భయంగానే ఉంది. ఆరున్నరకు గట్టు మీద మొదటి కారు కనిపించింది. రామకోటేశ్వరరావు గారు, పక్కన పట్టుచీరలో ఆయన భార్య. వాళ్ళ వెనక బారులు తీరి మిగతా కార్లు. డెబ్భైమూడు మంది వచ్చారు. ఎవరినీ ఏ కోడూ అడగలేదు. భానుచందర్ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించి కూర్చోబెట్టాడు. కంపెనీ పెద్దసారు ఏడాది మాట అక్కడే ఖాయం చేశాడు.

వడ్డన సగంలో ఉండగా భానుచందర్ పొయ్యిల దగ్గరికి వచ్చాడు. "అక్కా, భోజనానికి రండి."

"మీరు కానివ్వండి సార్, నేను తర్వాత తింటాను."

"నలభై ఇళ్ళకు వెళ్ళి పిలిచాను. మీ దగ్గరికీ వచ్చే పిలుస్తున్నాను," అని అతను కదలకుండా నిలబడ్డాడు.

గంగారత్నం గరిటె పక్కన పెట్టింది. పన్నెండేళ్ళలో ఏ విందులోనూ ఆమెను రమ్మన్నవాళ్ళు లేరు. అందరూ వెళ్ళాక గిన్నెల అడుగున మిగిలింది నిలబడి తినేది. చేతులు కడుక్కుని వెళ్ళి రామకోటేశ్వరరావు గారి భార్య పక్కన కూర్చుంది. భానుచందరే వడ్డించాడు. ఉప్పు చూడ్డానికి అరచేతిలో చుక్క వేసుకోవడమే తప్ప, తన చేతి రొయ్యల ఇగురు వేడివేడి అన్నంలో ఎలా ఉంటుందో ఆమెకు ఆ సాయంత్రమే తెలిసింది.