పంతులుగారి నల్లదారం

మా జగ్దల్‌పూర్ ఇంటి మీదుగా విమానం పోతుంటే అలమరలో స్టీలు గ్లాసులు గలగలమంటాయి. మనవరాళ్ళు వాకిట్లోకి పరుగెత్తి ఆకాశంలోకి చేతులూపుతారు. నాకు మాత్రం ఈ వయసులోనూ పంతులుగారి చేతిలోని నల్లదారం కళ్ళకు కడుతుంది. ఆయన నాకు అక్షరం ముక్క నేర్పలేదు. అయినా నా గురువెవరని అడిగితే ఆయననే చెబుతాను.

బస్తర్ రాజుల కాలం, యుద్ధం రోజులు. కొంటాలో మా మామగారిది బట్టల కొట్టు. రాజావారి బడిలో చదువు చెప్పే పంతులుగారు మా పక్కింట్లోనే ఉండేవారు. మా ఆయన రంగూన్ బియ్యం మిల్లులో గుమాస్తా. కొత్త పెళ్ళికూతురినైన నన్ను ఓడెక్కించి అక్కడికి పంపడానికి పెట్టె సర్దారు. అంతలో బర్మా పక్క దేశమైన సయాంలో జపాను విమానాలు దిగాయని కబురొచ్చింది. మామగారికి చీమ కుట్టినట్టయినా లేదు. "సయాం ఏడ, రంగూన్ ఏడ" అని కొట్టిపారేశారు.

పంతులుగారు బడిలోని పటం చుట్ట చుట్టి తెచ్చి, మా కొట్లో తానుల మీద పరిచారు. జేబులోంచి నల్లదారం తీసి, సయాం రాజధాని బాంకాక్‌లో విమానాలు దిగే మైదానం నుంచి రంగూన్ మైదానం దాకా బిగించి పట్టారు. అదే దారాన్ని కొంటా నుంచి కిందికి పరిస్తే మద్రాసు దాటి కొంచెం మిగిలింది.

మామగారు పకపకా నవ్వారు. "ఏంది పంతులూ, మద్రాసంత దూరమా? ఇంకేం భయం? బండి కట్టి, శబరి ఏరు దాటి, రైలెక్కి పోయేసరికి మన నడుములు విరుగుతయి." నేనూ హమ్మయ్య అనుకున్నాను. దూరాన్ని ఎడ్ల అలుపుతో కొలిచే ఇల్లు మాది.

పంతులుగారు నవ్వలేదు. నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, ఎసరు పెట్టి, వండి, వడ్డించి, గిన్నెలు కడిగేసరికి ఎంతసేపు పడతది?"

"ఒక పూట పడతది బాబాయిగారూ."

"ఆ పూటలోనే విమానం అక్కడ లేచి, రంగూన్ మీద బాంబులేసి, మళ్ళీ ఇంటికి పోతది."

ఆ సాయంత్రమే మామగారు మా ఆయనను వచ్చెయ్యమని తంతి కొట్టించడానికి భద్రాచలానికి మనిషిని పంపారు.

దారం మడిచి ఇవ్వబోతూ చూశాను. రంగూన్ కొలత దగ్గర ముడి అంతకుముందే వేసి ఉంది, పదే పదే తడిమినట్టు నున్నగా అరిగిపోయి. నేను అడగకముందే ఆయన అన్నారు, "మా పిల్ల ఆడనే ఉంది గదమ్మా. ఎన్నిమార్లు కొలిచినా అంతే వస్తంది. వచ్చెయ్యమంటే అల్లుడు వినలేదు."

మా ఆయన ఓడెక్కి ప్రాణాలతో ఇల్లు చేరారు. ఆయన బయల్దేరాక రంగూన్ మీద బాంబులు పడ్డాయి. వాకిట్లో కాళ్ళు కడుక్కోవడానికి మా ఆయనకు చెంబుతో నీళ్ళు తెచ్చింది పంతులుగారే. నీళ్ళు పోస్తూ, తల ఎత్తకుండా, "ఓడలో మనోళ్ళు ఇంకెవరన్నా ఉన్నరా నాయనా?" అని అడిగారు. మా ఆయన కడిగిన కాళ్ళనే మళ్ళీ కడుక్కున్నారు. పంతులుగారి పిల్ల ఆ ఓడలోనే కాదు, తర్వాత ఏ ఓడలోనూ రాలేదు.

విమానం దాటిపోయాక గ్లాసుల చప్పుడు ఆగుతుంది. మనవరాళ్ళు ఆటల్లో పడతారు. నేను మాత్రం ఆ ప్రశ్నకు ఇప్పటికైనా ఎవరో ఒకరు అవునంటారేమోనని కాసేపు గుమ్మంలోనే నిలబడతాను.