బావిలోకి వచ్చిన గులాబీ రంగు

యుద్ధం నడుస్తున్న రోజుల్లో నేను బెజవాడలో డిగ్రీ చదివాను. పెడన దగ్గర మగ్గం మీద బతికే మా ఇంట్లోంచి కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ని నేనే. ఆ సంగతి హాస్టల్లో నన్ను ఎవరూ మరిచిపోనివ్వలేదు.

హాస్టల్‌కి ఒకటే బావి. దాని చేద, తాడు వంటాయన తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. మా గ్లాసుల్లోకి ఆయన ఎత్తునుంచి నీళ్లు వదిలేవాడు. ఏటా వేసవి చివర కాలువలకు నీళ్లు వదలగానే బావిలో నీళ్లు పైకొచ్చేవి. ఆ వెనకే కుర్రాళ్లకు టైఫాయిడ్ వచ్చేది. నా గదిలో ఉండే స్నేహితుడు ఉయ్యూరు వైపు చెరకు రైతు కొడుకు. మొదటి ఏడాది వాడికి జ్వరం పట్టి మూడు వారాలు వదల్లేదు. మళ్లీ వస్తే ఈ పిల్లాడు తట్టుకోలేడని డాక్టరు గారు చెప్పి వెళ్లారు.

బావికి ఇరవై అడుగుల దూరంలో మురుగు గుంట ఉంది. పాయిఖానాలు కడిగిన నీళ్లన్నీ అందులోకే. కాలువలు పారి నేల నానినప్పుడు ఆ మురుగు బావిలోకి ఊరుతోందని నా అనుమానం. దాన్ని తేల్చడానికి నాలుగు పేజీల పరిశోధన ప్రతిపాదన రాశాను. గుంటలో రంగు కలపాలి, రోజూ బావి నీళ్లు సీసాలో పట్టి చూడాలి. రంగు కనిపిస్తే గుంటను దూరానికి మార్చాలి. కనిపించకపోతే నేను తెలివితక్కువవాణ్నని ఒప్పుకుంటాను. అంతే నా పరిశోధన.

ఏ రంగు వాడాలో మా నాన్నని అడిగాను. యుద్ధంతో బజార్లో రంగులు దొరకడం మానేశాయి. అయినా ఆయన అటక మీంచి పాత డబ్బా ఒకటి దించాడు.

"ఇది నూలుకి పట్టే రకం కాదురా అబ్బాయ్. ఎన్నిసార్లు ఉడకబెట్టినా జాడించిన నీళ్లతోనే పోద్ది. నీళ్లు ఏడకి పోతే ఆడకి పోద్ది. నీకు కావాల్సింది ఇదే."

ఆయన బడి మొహం చూడలేదు. నా నాలుగు పేజీల్లో పనికొచ్చే ముక్క ఆయన చెప్పిందే.

ప్రిన్సిపాలు గారు కాగితాలు అటూ ఇటూ తిప్పి, ఎర్ర సిరాతో నా ఇంగ్లీషు దిద్దారు. "పరిశోధనలు చెయ్యడానికి మద్రాసులో పెద్దవాళ్లున్నారు. నువ్వు ముందు పరీక్ష పాసవు," అన్నారు. పక్కనే ఉన్న వార్డెను గారికి నవ్వొచ్చింది.

"ఆ తాడుకి వంటాయన చెయ్యి తప్ప పరాయి చెయ్యి తగిలిందేవిటయ్యా? అంత మడిగా తోడే నీళ్లల్లోకి రోగం ఎక్కణ్నించి వస్తుంది? అసలు నీళ్లు పడతానంటున్నావు, నిన్ను బావి గట్టెక్కనిచ్చేదెవరు?"

ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. మనిషి ముట్టుకుంటే తప్ప నీళ్లు చెడవని ఆయన నమ్మకం. నేల కిందినుంచి వచ్చేదానికి ఆయన శాస్త్రంలో చోటు లేదు.

కాలువలకు నీళ్లు వదిలారు. ఒక ఆదివారం అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు నేనూ నా స్నేహితుడూ వెళ్లి డబ్బాడు రంగూ గుంటలో కుమ్మరించాం. వాడు బకెట్టుతో నీళ్లు పోస్తుంటే నేను చేతులతో కలిపాను. ఐదో రోజు పొద్దున్న వంటాయన వేసిన కేక వీధి చివరిదాకా వినిపించింది. చేదలో నీళ్లు గులాబీ రంగు తిరిగాయి. నాకు కళ్లనీళ్లొచ్చాయి. గెలిచాననుకున్నాను, వెధవని.

విచారణలో నా నాలుగు పేజీలు ఎవరూ పైకి తియ్యలేదు. నా చేతులు చాపమన్నారు. నూలుకి పట్టని ఆ రంగు నా గోళ్ల సందుల్లో ఇంకా ఉంది. కులం తక్కువవాడు కడుపుమంటతో బావి గట్టెక్కి నీళ్లు పాడుచేశాడని తీర్మానించారు. "గుంటలోనే పోశామండీ, నేనూ ఉన్నాను," అని నా స్నేహితుడు అంటూనే ఉన్నాడు. స్నేహం కొద్దీ అబద్ధమాడుతున్నాడని వాణ్ని వదిలేశారు. నన్ను హాస్టల్లోంచి వెళ్లగొట్టారు. బావి నీళ్లు తోడించి, పసుపు చల్లించి, పుణ్యాహవచనం చేయించారు. గుంట ఉన్నచోటే ఉంది.

నేను వన్ టౌన్‌లో ఒక బట్టల గోడౌను మీది గదిలో చేరాను. "నువ్వూ వచ్చెయ్‌రా," అని వాణ్ని బతిమాలాను. హాస్టలు మానితే చదువు మానిపిస్తానన్నాడట వాళ్ల నాన్న. "మంచినీళ్లు నీ గదికొచ్చి తాగుతాలే," అన్నాడు. రెండు వారాలు కూజా పట్టుకుని వచ్చాడు. తర్వాత వానలు పట్టాయి, రావడం తగ్గించాడు. శ్రావణంలో జ్వరం తగిలింది. పదకొండో రోజున పోయాడు.

వాడి ట్రంకు పెట్టె తీసుకెళ్లడానికి వచ్చిన తండ్రి, దారి అడుగుతూ నా గదికొచ్చాడు. కోపంగా లేడు. కోపంగా ఉన్నా బాగుండేది. గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

"వార్డెను గారు చెప్పారు బాబూ. నువ్వు బావిలో కలిపిన రంగు వల్లే మావోడు పోయాడంట గదా?"

"కాదండీ," అన్నాను.

ఆయన నా చేతుల వంక చూశాడు. రంగు ఎప్పుడో పోయింది. అయినా చేతులు వెనక్కి పెట్టుకున్నాను.