నిమిషంన్నర వెనక

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక చేతి గడియారం ఆగి, మళ్లీ నడిచింది. ఆ సంగతి తెలిసిన ముగ్గురిలో ఇద్దరు ఇప్పుడు లేరు. నేనూ పోతే, ఆ రోజు నేను దాచిన తప్పు కూడా నాతోనే పోతుంది. అలా పోకూడదని రాస్తున్నాను.

మా నాన్న వరంగల్‌లో మిల్లు పనికి పోయేవాడు. దుబాయి పోయిన మా మేనమామ తెచ్చిచ్చిన క్వార్ట్జ్ గడియారం ఆయన చేతికి ఉండేది. రేడియోలో వార్తలకు ముందు పీప్ పీప్ మని చప్పుళ్లు వస్తాయి కదా, వాటికి సరిగ్గా చెయ్యెత్తి ముల్లు చూసుకునేవాడు. "సెకను గూడ తప్పలే" అని అమ్మను చూసి మురిసేవాడు. ఎండాకాలం మొదట్లో ఒకరోజు ఆయన గుండె ఆగిపోయింది. గడియారం మాత్రం నడుస్తూనే ఉంది.

పోయినవాళ్ల బట్టలు, చెప్పులు, గొడుగు పెద్దకర్మ నాడు ఎవరికైనా ఇచ్చేయడం మాలో ఆనవాయితీ. మా పెదనాన్న గడియారం అడిగాడు. "నడిచేదాన్ని ఎట్ల ఇయ్యాలె బావా? ఆగిననాడు తీస్కపో" అన్నది అమ్మ. అప్పటి నుంచి అది ఆమె దిండు కిందే ఉండేది. రోజూ వార్తల వేళకు బయటికి తీసి చూసేది. అది వెనకబడుతోంది. "చెయ్యి లేదు గద, ఎనకవడ్తాంది" అనేది. ముల్లు తాను ముట్టేది కాదు, నన్ను ముట్టనిచ్చేది కాదు. వానలు మొదలయ్యేనాటికి నిమిషంన్నర తేడా వచ్చింది. మా నాన్న ఎటూ పోలేదనీ, మా వెనకాలే నిమిషంన్నర దూరంలో నడిచి వస్తున్నాడనీ నాకనిపించేది. కొన్నిసార్లు సందులో నడుస్తూ ఆగి, వెనక్కి తిరిగి చూసేదాన్ని.

నాకప్పుడు పదకొండేళ్లు. ఒక మధ్యాహ్నం అమ్మ, తాను చుట్టిన బీడీలు అప్పజెప్పి రావడానికి కార్ఖానాకు పోయింది. దిండు ఎత్తి గడియారానికి చెవి ఆనించాను. చప్పుడు లేదు. పెదనాన్న వచ్చి తీసుకుపోతాడు, నాన్న ఈసారి నిజంగానే పోతాడు అనుకుని దాన్ని చేతిలోకి తీసుకున్నాను. మా పాత కీ గడియారం మొరాయిస్తే నాన్న అరచేతిలో వేసి కొట్టేవాడు, అది కదిలేది. నేనూ అదే చేశాను. రెండో దెబ్బకు గడియారం జారి, నేలకు పరిచిన షాబాదు బండ మీద పడింది.

మట్టెవాడలో మా సందు చివర గడియారాలు బాగుచేసే చాచా ఉండేవాడు. అక్కడికి ఉరికాను.

"జర జల్ది చాచా! అమ్మ వచ్చేలోపల నడవాలె."

"నడిపిస్త గని, ఉరికొచ్చినవా, ఎగిరొచ్చినవా? కూసో."

వెనక మూత తీసి సెల్లు మార్చాడు. ముల్లు కదల్లేదు.

"కిందవడ్డదా బిడ్డా?"

"లే చాచా."

ఆయన లోపలి నుంచి బియ్యపు గింజంత మెరిసే గొట్టం ఒకటి ఊడదీశాడు. దాని కొసను కత్తెరతో మెల్లగా కత్తిరించి, లోపలిది తెల్ల కాగితం మీద రాల్చాడు. భూతద్దం నా చేతికిచ్చాడు. అద్దం లాంటి సన్నని పంగలకర్ర. ఒక కాలు విరిగి ఉంది.

"నువ్వేమో పడలే అంటానవ్. ఇదేమో పడ్డ అంటాంది. ఇద్దరిల ఎవల మాట నమ్మాలె?"

ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆయన తిట్టలేదు. "ఇది రాయి బిడ్డా. కరెంటు ముడితే వణుకుతది. వణికితే అదే తిరిగి జరంత కరెంటిస్తది. ఈ నల్లసుక్క దాన్ని పెద్దగ చేసి మళ్ల రాయికే ఇస్తది. ఒకలను ఒకలు ఆగనియ్యరు, గంతే" అన్నాడు.

పదో తరగతితో నా బడి ఆగింది గానీ లైబ్రరీ ఆగలేదు, అక్కడి అక్క ఆగనివ్వలేదు. ఆయన మాటలకు మిగతా సగం అక్కడ దొరికింది. ఆ పంగలకర్ర బడిలో చూపించే శ్రుతిదండం లాంటిదే. ఎంత పొడుగున, ఎంత మందాన కోస్తే అంత వేగంతో వణుకుతుంది. గడియారంలో దాని వేగం సెకనుకు ముప్పైరెండు వేల ఏడువందల అరవై ఎనిమిది సార్లు. నల్లచుక్కలోని సర్క్యూట్ ఆ లెక్కను సగం చేసి, మళ్లీ సగం చేసి, అలా పదిహేనుసార్లు చేస్తే సెకనుకు ఒక్కటి మిగులుతుంది. ఆ ఒక్కటే ముల్లును నెడుతుంది. కాగితం మీద నేనే చేసి చూసుకున్నాను, సరిగ్గా ఒకటే వచ్చింది. వణుకు అణగిపోకుండా గొట్టంలో గాలి కూడా లేకుండా చేస్తారట. మనకు వినిపించే టిక్కు ముల్లును నెట్టే మోటారుది. రాయి వణుకు ఏ మనిషి చెవికీ అందదు.

చాచా రేకు డబ్బాలోని ఒక పాత గడియారం నుంచి అలాంటి గొట్టమే తీసి అతికించాడు.

"ఎవలిది చాచా?"

"ఎవలో బాగుచెయ్యమని ఇచ్చిపోయిండు, మళ్ల రాలే."

ముల్లు కదిలింది. టైం నేనే పెడతానన్నాను. ఆయన గోడ గడియారం చూసి, సెకను తేడా లేకుండా పెట్టాను. మంచిపని చేశాననే అనుకున్నాను. అమ్మ వచ్చేసరికి గడియారం దిండు కింద ఉంది.

సాయంత్రం వార్తల వేళ అమ్మ దాన్ని బయటికి తీసింది. పీప్ పీప్ మోగింది. చివరి చప్పుడుకు సెకను ముల్లు సరిగ్గా పన్నెండు మీదికి వచ్చింది. అమ్మ రేడియో కట్టేసింది. చాలాసేపు ముల్లునే చూసింది. పెదనాన్న పేరు ఎత్తుతుందనుకున్నాను.

"ఇటు రా" అన్నది. నా చెయ్యి పట్టుకుని గడియారం తొడిగి, వదులుగా వేలాడే దాని పట్టాను తన చేతిరుమాలుతో బిగించి కట్టింది. "ఇగ దీనికి చెయ్యి గావాలె."

అంతే. ఎప్పుడు ఆగింది, ఎవరు బాగుచేశారు, ఒక్కమాట అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆమె పోయేదాకా చెప్పలేదు.

చాలా ఏళ్లకు ఒక పుస్తకంలో చదివాను. ఆ రాయిని మనిషి చేతి వెచ్చదనానికి దగ్గరగా ఉన్నప్పుడు సరిగ్గా నడిచేలా కోస్తారట. మరీ వేడెక్కినా, మరీ చల్లబడినా వెనకబడుతుందట. ఆ ఎండాకాలమంతా రేకుల ఇంట్లో అది చెయ్యి లేకనే వెనకబడింది. అమ్మకు చదువు రాదు.

ఆ గడియారం ఇప్పటికీ నా చేతికే ఉంది. విరిగిన రాయి కాగితం పొట్లంలో నా సంచిలో ఉంటుంది. గడియారం సరిగ్గా నడుస్తున్నదని అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం అది మెప్పులా వినిపించదు. వెనకాల నిమిషంన్నర దూరంలో నడిచి వస్తున్న మనిషిని నేనే చెరిపేశాననిపిస్తుంది. ఇప్పటికీ సందులో ఆగి, వెనక్కి తిరిగి చూస్తాను.

ఇంతసేపూ పేర్లు చెప్పలేదు. విరిగినదాన్ని దాచకుండా చూపించిన యాకూబ్ చాచాకు నా సలాం. మూసే వేళయినా నన్ను లేపకుండా ఇంకో లైటు వేసిన లైబ్రరీ సుగుణక్కకు దండం. అంతా తెలిసీ ఏమీ అడగని మా అమ్మ కొమురమ్మకు, ఇదిగో, ఇప్పుడు చెప్పాను. కింద పడేసింది నేనే అమ్మా.