నిలువెత్తు నేపియర్

తార్నాక నుంచి పొద్దున్నే నడుచుకుంటూ క్యాంపస్‌కు వచ్చే ప్రొఫెసర్ అచ్యుతరామయ్యగారు పశుగ్రాసంలో మహా పండితులు. ఆయన పెంచే నేపియర్ గడ్డి చెరకుతోటలా నిలువెత్తు ఎదిగింది. దగ్గరుండి నీళ్లు పెట్టిస్తారు, ఎరువు వేయిస్తారు, ఆకులు గీరిన ముంజేతులను మురిపెంగా నిమురుకుంటారు. కోసినకొద్దీ చిగురించే గడ్డే గాని, కోయనివ్వరు. వచ్చిన అతిథులు దాని పక్కన ఫొటోలు దిగాలి కదా. మొన్న మాణికేశ్వర్ నగర్ కమలమ్మ బర్రె కంచెలోంచి తల దూర్చి ఒక దుబ్బు నమిలేసింది.

"గడ్డే గద సారూ, బర్రె తినకుంటే ఎవరు తింటరు?" అంది కమలమ్మ.

"ఇది మేత కాదమ్మా, పరిశోధన" అంటూ ఆమెకూ, వాచ్‌మన్‌కూ, అటుగా పోతున్న విద్యార్థులకూ గంటసేపు గడ్డి పెట్టారు. ఆ క్యాంపస్‌లో ఆయన గడ్డి పెట్టనిది పశువులకు మాత్రమే.