కొండలమ్మ గంప

మా ఆయన కోటికి హీరో అంటే కటౌట్ మీద ఉండాలి, పాలు పోయించుకోవాలి. నాకు మాత్రం పక్కింటి కొండలమ్మత్తే హీరో. ఆ మాటంటే నవ్వుతాడు. నవ్వనీ, నాకేం?

ఉయ్యూరు దగ్గర మా పేటలో ఆడవాళ్లందరికీ చేపల గంపే బతుకు. పొద్దున్నే బస్సెక్కి బెజవాడ గవర్నర్‌పేట సందుల్లో అమ్ముకొస్తాం. కొండలమ్మత్తకు మొగుడు పోయినప్పటి నుంచీ ఆ గంపే దిక్కు. గీచి గీచి బేరమాడితే తిడుతుంది, తిట్టి మరీ ఒక చేప ఎక్కువేస్తుంది. నిండు గంపను ఎంత బలమున్న మనిషైనా ఒక్కతే నెత్తికెత్తుకోలేదు. అవతల ఇంకొకరు చెయ్యి వెయ్యాల్సిందే. రాత్రి జుట్టూజుట్టూ పట్టుకున్నవాళ్లమైనా పొద్దున గంప దగ్గర చెయ్యి వేస్తాం.

మొన్న వేసవిలో రొయ్యల చెరువు నీళ్లు వదిలితే కాలవలో చేపలన్నీ చచ్చి తేలాయి. విచారణకు ఆఫీసరొచ్చాడు. చెరువు ఆసామి గంగమ్మ గుడి కట్టిస్తానన్నాడని పేటంతా నోరు మూసుకుంది. కొండలమ్మత్త ఒక్కతే ఆఫీసరును చెరువు తూము దగ్గరికి తీసుకెళ్లి, "ఇదిగోనండి, ఈ నీళ్లేనండి" అని చూపించింది.

కులపెద్ద మంగరాజు మండిపడ్డాడు. "ఆ మాట వెనక్కి తీసుకునేదాకా దాని గంపకి ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. వేసినోళ్లకీ ఇదే వెలి" అని కట్టుబాటు పెట్టాడు.

ఆమె తగ్గితేనా! మర్నాడు గంపను అరుగు మీదికి ఈడ్చి, కింద గొంతుక్కూర్చుని నెత్తి దూర్చబోయింది. గంప ఒరిగి చేపలన్నీ మట్టిపాలయ్యాయి.

"పొరపాటున చెప్పానని ఆఫీసరుతో ఒక్క మాట అను కొండలమ్మా, నేనే ఎత్తుతా" అన్నాడు మంగరాజు.

"చేపలకంటిన మట్టి కడిగితే పోద్ది బావా. అబద్ధమాడిన నోరు దేంతో కడుక్కోను?" అంటూ ఆమె చేపలేరుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లి ఆమె గంపకు చెయ్యి వేశాను.

"ఉషా, ఆగవే! మనల్నీ వెలేస్తారు!" అని కోటి అరిచాడు.

"నువ్వెళ్లి నీ కటౌట్‌కి పాలు పోసుకో, పో!" అన్నాను.

గంప ఆమె నెత్తికెక్కింది. మంగరాజు మొహం మాడిపోయింది. "అయితే నీకూ వెలే! నీ గంప ఎవరెత్తుతారో చూస్తా" అన్నాడు.

కొండలమ్మత్త ఒక చేత్తో తన గంప పట్టుకుని, మోకాళ్లు వంచి, రెండో చెయ్యి నా గంపకు వేసింది.

"ఇద్దరమయ్యాం గదే, ఇంకెక్కడి వెలి? ఎత్తవే, బస్సెళ్లిపోద్ది" అంది.