అవ్వకు అతికించిన కళ్ళు

ఫోన్లు ఇంకా ఇంత తెలివిమీరని రోజులవి. ఫోటో కావాలంటే మనిషి తల దువ్వుకుని, చొక్కా మార్చుకుని, స్టూడియో మెట్లెక్కి, స్టూలు మీద కూర్చుని ఊపిరి బిగబట్టాల్సిందే. ఆ కాలంలో నా కంటికి మనుషులు రెండే రకాలుగా కనిపించేవారు. ఫోటోలో కళ్ళు తెరిచేవాళ్ళు, మూసేవాళ్ళు. ఈ రెండో రకం వాళ్ళని మొదటి రకంలోకి మార్చడమే నా ఉద్యోగం. డిగ్రీలో మిగిలిపోయిన సబ్జెక్టులు పెట్టుకుని కోవూరులో ఇంట్లో కూర్చుని మా అమ్మ ప్రాణం తోడేస్తుంటే, ఆవిడ విసిగిపోయి నన్ను వాకాడుకు, తన అన్న నడిపే ఫోటో స్టూడియోకు తోలేసింది. కంప్యూటరు ముందు కూర్చోబెడితే చాలు, కాస్త నోరు మూసుకుంటుందని ఆవిడ ఆశ. (ఆ ఆశ ఇప్పటికీ తీరలేదు.)

మా మామని ఊళ్ళో అందరూ లెన్సు మామ అనేవారు. తన ఈడు వాళ్ళంతా పెళ్ళిళ్ళు చేసుకుంటుంటే మామ లెన్సులు కొన్నాడు. ఇంట్లో ఆయనా, వాళ్ళమ్మ అయిన మా అవ్వా, ఆ లెన్సులూ ఉండేవారు. సముద్రపు గాలి తగిలితే లెన్సు లోపల బూజు పడుతుంది. బియ్యం తేమ లాగేస్తుందని ఎవరు చెప్పారో గానీ, మామ వాటిని పాత పంచె గుడ్డల్లో చుట్టి బియ్యం డ్రమ్ములో పూడ్చిపెట్టేవాడు. అవ్వ పొద్దున్నే గ్లాసుతో బియ్యం తీయబోయి, ‘అబయా, నీ గుడ్డి కన్ను మళ్ళా చేతికి తగిలింది రా’ అని వంటింట్లోంచి కేకేసేది. మామ పరిగెత్తుకొచ్చి దాన్ని పసిబిడ్డలా అందుకుని, వేలిముద్ర పడిందేమోనని వెలుతురుకు ఎత్తి చూసుకునేవాడు. ‘దాన్ని చూసినట్టు అన్నం వంక చూడు, వొళ్ళన్నా చేస్తావు’ అనేది అవ్వ.

మామకూ నాకూ రోజూ యుద్ధమే. ఆయన రా ఫైలు మనిషి. కెమెరా చూసింది చూసినట్టు, ఏదీ పారేయకుండా దాచుకునేది రా ఫైలు. నేనేమో జేపెగ్ పిల్లని. అందులోంచి అక్కర్లేదనుకున్నది పారేసి, మిగిలింది నొక్కి కట్టిన చిన్న మూట జేపెగ్. చక్కగా, తేలిగ్గా, ఎక్కడికంటే అక్కడికి పంపుకోవచ్చు. మామ తీసిన రా ఫైలు ఒక్కటి తెరుచుకునేలోపు నేను బయటికెళ్ళి టీ తాగి, పక్క కొట్టు అక్కతో రెండు కబుర్లు చెప్పి రావచ్చు. ‘వెలుతురు పట్టేది కెమెరా. నీ కంప్యూటరు అబద్ధాలు చెప్పే పెట్టె’ అనేవాడు మామ. ‘ఆ పెట్టె అబద్ధాలు చెప్పబట్టే మనం అన్నం తింటున్నాం మామా’ అనేదాన్ని నేను.

నా అబద్ధాల్లో పెద్దది ‘కళ్ళు’ అనే ఫోల్డరు. గ్రూపు ఫోటోల్లో రెప్పవేసిన వాళ్ళకోసం, బతికుండగా ఫోటో దిగకుండా పోయిన వాళ్ళకోసం, పాత కస్టమర్ల కళ్ళు కత్తిరించి అందులో దాచిపెట్టేదాన్ని. ఆడ, మగ, ముసలి, వయసు, నేరు చూపు, వారచూపు, అన్నీ విడివిడిగా. చచ్చిపోయాక తీసిన ఫోటో తెచ్చి ‘కళ్ళు తెరిచినట్టు పెట్టు పాపా’ అని అడిగేవాళ్ళు వారానికి ఒకరైనా వచ్చేవారు. ఒకసారి ఒక రైతుకు బస్సు కండక్టరు కళ్ళు పెట్టాను. ఆయన భార్య ఫ్రేము చేతిలోకి తీసుకుని, ‘ఈయన నా వంక ఇట్టా నేరుగా ఎప్పుడూ చూళ్ళేదు పాపా’ అని మురిసిపోయింది. అది విని నేను ఒక వారం గాల్లో నడిచాను. మామ మాత్రం ఆ ఫోల్డరు పేరెత్తితే మొహం పక్కకు తిప్పుకునేవాడు. ‘దొంగ కళ్ళు’ అనేవాడు.

ఇంతకీ మామ బాధంతా ఇంట్లోనే ఉంది. మా అవ్వ ఎవరు ఫోటో తీసినా కళ్ళు మూసుకునేది. మెరుపుకి అదిరి కాదు, కావాలనే. జనం వరసగా నిలబడి, మాటలాపేసి, ఎవరో ఒకరు ముందర నిలబడి ‘రెడీయా’ అంటే ఆవిడకి అది చర్చిలో ప్రార్థనకి ముందు పడే నిశ్శబ్దంలా తోచేది. వెంటనే రెప్పలు వాలిపోయేవి, పెదాలు కదిలేవి. గుర్తింపు కార్డుల మీదా కళ్ళు మూసే ఉంది. పెళ్ళి వీడియోలు వెతికితే ఆవిడ వీపు దొరికింది. మామ ఆవిడకోసమే గబగబా వరసగా ఫోటోలు లాగే కెమెరా కొన్నాడు. మిషను తుపాకీలా పేలింది, ప్రతి దాంట్లోనూ అవ్వ ప్రార్థనలోనే ఉంది. తర్వాత పొడుగాటి లెన్సు కొని గోడ అవతల నుంచి తీశాడు. కోడి పెట్టెలు వచ్చాయి, చేట వచ్చింది, చేట వెనక అవ్వ వచ్చింది.

ఒకరోజు ఆయనకి నిజంగానే కోపం వచ్చింది. ఇంటి మెట్ల మీద మంచి వెలుతురులో కూర్చోబెట్టి, ఎంతసేపో లెన్సు సర్దుకుని, తీరా కెమెరా ఎత్తి నొక్కేసరికి రెప్పలు వాలిపోయాయి.

‘అమ్మా! ప్రార్థన తర్వాత చేసుకోరాదా? ఒక్కసారి ఇటు చూడు!’

‘నీ ఫోటో బాగా రావాలని దేవుణ్ణి ఒక మాట అడుగుతా ఉండా లేరా’ అంది అవ్వ, కళ్ళు తెరవకుండానే.

నేను గుమ్మం మీద కూర్చుని పగలబడి నవ్వాను. మామ నవ్వలేదు. కెమెరా మెడలోంచి తీసేసి లోపలికెళ్ళిపోయాడు. అవ్వ అప్పుడు కళ్ళు తెరిచి, ‘వచ్చిందా?’ అని నన్నడిగింది.

ఆ వానాకాలంలో అవ్వ జ్వరంతో పోయింది. మామూలు జ్వరమేననుకున్నాం. నెల్లూరు తీసుకెళ్దామని కారు మాట్లాడి వచ్చేలోపే అయిపోయింది. అవ్వ సద్దులేని ఇల్లు ఎలా ఉంటుందో నాకు అంతవరకూ తెలియదు. ముందు గదిలో శవపెట్టె, చుట్టూ బంధువులు, పాటలు, ఏడుపులు. మామ ఏడవలేదు. కెమెరా మెడలో వేసుకుని వచ్చి, ‘ఆ షామియానా ఎరుపు మొహం మీద పడతా ఉండాది, ఆ గుడ్డ పక్కకి లాగండి’ అన్నాడు. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ‘తల్లి పొయినా వాడికి వెలుతురు గోలే’ అని వెనక ఎవరో గొణిగారు. మామ అవేమీ వినిపించుకోకుండా మోకాళ్ళ మీద కూర్చుని ఫోటో తీశాడు. ఈసారి కళ్ళు తెరవమని అడగలేదు.

జ్ఞాపకార్థ కూడికకి ఫ్రేము కావాలి. అంత్యక్రియలయ్యాక రెండో రోజో మూడో రోజో మామ స్టూడియోకొచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మెట్ల మీద తీసిన ఆ ఫోటో రా ఫైలు తెరవమన్నాడు. అది నింపాదిగా తెరుచుకుంటుంటే ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. మెడలో మడతలు, ముక్కు పక్కన పుట్టుమచ్చ, పక్క నుంచి పడే ఎండ, వాలిన రెప్పలు. అంత మంచి ఫోటో మామ జన్మలో తీసి ఉండడు.

‘కళ్ళు పెట్టు’ అన్నాడు.

నేను తిరిగి చూశాను.

‘ఈ తట్టు మనుషులంతా నా కెమెరా వంక చూసినారు పాపా. కన్న తల్లి ఒక్కతే చూళ్ళా. నా పని ఆమెకి నచ్చలేదో ఏమో, నాకు తెలీదు. ఒక్కసారి నన్ను చూసినట్టు పెట్టు’ అన్నాడు. ఆయన గొంతులో అంత బతిమాలుకోవడం నేనెప్పుడూ వినలేదు.

ఫోల్డరు తెరిచాను. టీచరమ్మ కళ్ళు పెడితే అవ్వ హోంవర్కు దిద్దుతున్నట్టుంది. బియ్యం వ్యాపారి తల్లి కళ్ళు పెడితే అరువు లేదు పొమ్మన్నట్టుంది. ఒక పెళ్ళికూతురి కళ్ళు పెట్టి చూశాను గానీ, అది మామకు చూపించకుండానే చెరిపేశాను. ఏ కళ్ళు పెట్టినా అవ్వ మొహంలోంచి ఎవరో బయటి మనిషి తొంగి చూస్తున్నారు. అన్నాళ్ళూ నేను చేసిన పనంతా ఇదేనా అని మొదటిసారి అనిపించింది. చివరికి కోవూరు తిరిగెళ్ళిన అమ్మ ఫోనులో, ‘మీ మామవి అచ్చం అమ్మ కళ్ళే గదే, అందరూ అనే మాటే గదా’ అంది.

అలా జీవితంలో మొదటిసారి లెన్సు మామ స్టూలు మీద కూర్చున్నాడు, నేను కెమెరా వెనక నిలబడ్డాను. అక్కణ్ణుంచి కూడా పెత్తనం ఆయనదే. ‘రా లో పెట్టినావా? కిటికీ రెక్క ఇంకొంచెం తెరువు. ఎండ ఆమెకి ఎడమ నుంచి వచ్చింది, నాకూ ఎడమ నుంచే రావాల. కంట్లో కిటికీ మెరుపు పడకపోతే చచ్చిన కన్నులాగుంటాది’ అన్నాడు. నేను రెప్ప వెయ్యొద్దని చెప్పి నొక్కుతూ పోయాను. కాసేపటికి ఆయన కళ్ళల్లోంచి నీళ్ళు కారడం మొదలైంది. ‘రెప్ప వెయ్యకుండా ఉంటే ఇంతే’ అన్నాడు. ‘అవును మామా, ఇంతే’ అన్నాను. అంత్యక్రియలప్పుడు రాని నీళ్ళవి. మా ఇద్దరికీ ఆ సంగతి తెలుసు గనక తుడుచుకోవడానికి గుడ్డ ఇచ్చి నేను అటు తిరిగి నిలబడ్డాను.

ఆ కళ్ళ చుట్టూ అవ్వ ముడతలు అల్లాను, రెప్పల అంచులు పలచన చేశాను, పొరలన్నీ కలిపేసి జేపెగ్ చేసి నెల్లూరు ల్యాబుకు పంపాను. నేను చేసిన వాటిల్లో అంత బాగా కుదిరిన పని లేదు. కూడికలో ఫ్రేము మీది గుడ్డ తీయగానే చర్చిలో అందరూ ఒక్కసారిగా ‘అబ్బ’ అన్నారు. సంగం ఊరి నుంచి వచ్చిన అవ్వ చెల్లెలు, మా చిన్నవ్వ, ‘అక్క చూస్తా ఉందే! అక్క నన్నే చూస్తా ఉందే!’ అని ఫ్రేముని కావలించుకుని ఏడ్చింది. నేను పక్కనే వినయంగా నిలబడి లోలోపల పొంగిపోతున్నాను. (ఏ మాత్రం తీరు తెలియని పిల్లని, అమ్మమ్మ కూడికలో కూడా మెచ్చుకోళ్ళు లెక్కపెట్టుకుంటున్నాను.) మామ కోసం చూస్తే ఆయన చివరి బెంచీలో తల వంచుకుని ఉన్నాడు.

బయట చెప్పుల దగ్గర దొరికాడు. ‘ఎట్టుంది మామా?’ అన్నాను ఆశగా.

‘బాగా చేసినావు. తప్పు పట్టేదానికేం ల్యా’ అన్నాడు. చెప్పులు వేసుకుని, మళ్ళీ విప్పి, ‘అమ్మ నన్ను చూస్తా ఉన్నట్టు ల్యా పాపా. నేనే నన్ను చూసుకుంటా ఉండా’ అన్నాడు.

ఫ్రేము దించేద్దామా అని అడిగాను. అప్పటికే చిన్నవ్వ ఒక కాపీ అడిగింది, అమ్మ ఒకటి అడిగింది, పాస్టరుగారు చర్చి క్యాలెండరులో వేయిద్దామన్నారు. తర్వాత్తర్వాత బంధువుల వాట్సాప్ గ్రూపు పుట్టాక, అందులో ఆ కళ్ళు ప్రతి ఆదివారం బైబిలు వాక్యంతో పాటు వచ్చేవి. ఎవరికని చెబుతాం, ఏమని చెబుతాం? ముందు గదిలో ఫ్రేము అలాగే ఉండిపోయింది. మామ కంచం తీసుకెళ్ళి వంటింట్లో, బియ్యం డ్రమ్ము పక్కన కూర్చుని తినేవాడు. నేను ‘కళ్ళు’ ఫోల్డరు మాత్రం చెరిపేశాను. అడగొచ్చిన వాళ్ళకి ఆ పని మా దగ్గర చెయ్యడం లేదని చెబితే, కొందరు తిట్టి పోయేవారు.

ఏళ్ళు గడిచాయి. స్టూడియో ఇప్పుడు నాది. ఫోన్లే మనుషుల కళ్ళు తెరిపిస్తున్నాయి, నవ్వు పెడుతున్నాయి, అడక్కుండానే తెల్లబరుస్తున్నాయి. మా దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. మామకు సుగరు ముదిరి కళ్ళ మీద పడింది. నెల్లూరులో సూదులు వేశారు, లేజరు కొట్టారు, చివరికి డాక్టరు నన్ను పక్కకు పిలిచి ఇక ఇంతేనమ్మా అన్నాడు. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోదాంట్లో కిటికీ ఎటుందో తెలిసేంత వెలుతురు మాత్రం మిగిలింది. ఆ మాట ఆయనకి చెప్పాక నేను బస్సులో దారంతా ఏడుస్తూ వచ్చాను, ఆయన మాత్రం కిటికీలోంచి వచ్చే గాలికి మొహం పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక వంటింట్లోకి పోలేదు. గోడ తడుముకుంటూ ముందు గదిలోకెళ్ళి, సరిగ్గా ఫ్రేము కింద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. అన్నం అక్కడికే తెమ్మన్నాడు. అప్పటినుంచి ఆయన చోటు అదే. నేను ఏడుపు మొహం పెట్టుకుని తిరుగుతుంటే కాళ్ళ చప్పుడు బట్టి కనిపెట్టి, ‘ఏందిమే ఆ నడక? నా కళ్ళకేమయింది? అమ్మ దెగ్గిర పెట్టుండాను గదా, ఆమె చూసుకుంటాదిలే’ అన్నాడు.

ఆయన పైకి వేలు చూపించి, ‘అద్దం తుడిచి చెప్పు. తేటగా ఉండాయా?’ అన్నాడు. స్టూలెక్కి తుడిచాను. నేను కోసి, అతికించి, ముడతలల్లి, అంతా నా గొప్పే అనుకున్న కళ్ళు. ఎడమ నుంచి పడిన కిటికీ మెరుపు రెంటిలోనూ అలాగే ఉంది. ‘తేటగా ఉన్నాయి మామా’ అన్నాను. ఆయన తృప్తిగా తలూపి, రెప్పలు వాల్చుకుని, అన్నం కలుపుకున్నాడు. కూడికలో మెచ్చుకోళ్ళు లెక్కపెట్టుకుంటూ నిలబడిన ఆ జేపెగ్ పిల్ల గుర్తొచ్చి, స్టూలు మీద నిలబడే కాసేపు నవ్వుకున్నాను.