నల్లవంకలో ఆరు రాళ్లు

ఉదయం అయిదూ నలభైకి ధర్మవరం జంక్షన్‌లో దిగాం. పదకొండు మందిమి. రెండు జీపులు, ఒక లారీ ఫ్లాట్ వ్యాగన్ల మీద మాతోనే వచ్చాయి. జూన్ మొదటి వారం. పడమటి గాలి అప్పటికే మొదలైంది. స్టేషను వెనక ఇళ్లలోంచి మగ్గాల చప్పుడు వినిపిస్తోంది. బండ్లు దించడానికి రెండు గంటల పది నిమిషాలు పట్టింది. మొదట దిగిన జీపు నాది.

సైన్యంలో పదిహేడేళ్లు డ్రైవరుగా చేశాను. మంచులో చేశాను, ఇసుక ఎడారిలో చేశాను. ఎవరైనా అడిగితే ఆ కబుర్లే చెబుతాను. వినేవాళ్లకు అవే కావాలి. నాకు తరచుగా గుర్తొచ్చేది మాత్రం తొంభైల చివర్లో, నా సొంత తాలూకాలో, శత్రువు లేని చోట చేసిన ఆ నాలుగు నెలల డ్యూటీ.

మాది మ్యాపుల సర్వే పార్టీ. పాత మ్యాపుల్లో కొండల మీద గుర్తు పెట్టిన రాతి స్తంభాలు ఇంకా ఉన్నాయో లేదో చూడాలి. ఉంటే వాటి ఎత్తు మళ్లీ కొలవాలి. కొలిచే పరికరం చెక్కపెట్టెలో ఉంటుంది. బరువు పద్దెనిమిది కిలోలు. బండి ఎంత ఎగిరినా పెట్టె ఎగరకూడదు. అందుకని సర్వేయర్ దాన్ని ఒళ్లో పెట్టుకుని నా పక్క సీట్లో కూర్చునేవాడు. అతనిది శ్రీకాకుళం వైపు. వెనక సీట్లో రేడియో ఆపరేటర్, కేరళ మనిషి, మితభాషి. అందరి పైనా సుబేదార్ సాబ్. హిమాలయాల్లో, గఢ్వాల్ కొండల్లో పుట్టి పెరిగినవారు. మా కొండల్ని చూసి మొదటిరోజే ఒక మాట అన్నారు. ఇవి కొండలు కావట, ఎవరో ఇల్లు కడదామని రాళ్లు దింపించి మరిచిపోయారట. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

తెలుగు, కన్నడం రెండూ వచ్చని నన్ను ఈ పార్టీలో వేశారు. మాది ఈ జిల్లాయేనని కాగితాల్లో ఉంది. ఏ ఊరో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

పెనుకొండ కొండ కింద ఆరు టెంట్లు వేశాం. నాలుగున్నరకు లేవడం. అయిదుంబావుకు బండి తనిఖీ: ఆయిలు, నీళ్లు, టైర్లలో గాలి, జాకీ, పార, లాగే తాడు. ఆరింటికి బయలుదేరడం. తారు రోడ్డు మీద వెళ్లేది తక్కువ. వేరుశనగ చేల గట్ల వెంట, గొర్రెలు నడిచే బాటల వెంట, గుండ్ల మధ్య సందుల్లోంచి పోవాలి. గుడిబండ వైపు ఒక రోజు ఎనిమిది కిలోమీటర్లకు మూడు గంటలు పట్టింది. సాయంత్రానికి కనుబొమల మీద ఎర్రదుమ్ము గట్టి కట్టేది. గాలికి టెంటు గుంజలు రోజూ ఊడేవి. అన్నంలో ఇసుక పడేది. ఆ అన్నం రుచి నాకు ఇప్పటికీ గుర్తు.

సుబేదార్ సాబ్‌కు ఒకే ఒక పట్టు. దారి లేని చోట, వంక దాటే చోట, వాలు దిగే చోట బండి ఆగాలి. పక్క సీటు మనిషి దిగి ముందు నడవాలి. కాలితో నేల తొక్కి చూసుకుంటూ, వెనక్కి తిరిగి డ్రైవరుకు చేతులతో సైగ చేయాలి. కుడికి, ఎడమకు, మెల్లగా. రెండు చేతులూ బారుగా చాపితే ఆగిపోవాలి. డ్రైవరు చూడవలసింది ఆ చేతులనే.

ఆ పనిలో సర్వేయర్ దిట్ట. జీపు ముందు వెనక్కి నడుస్తూ నాతో మాట్లాడుతూనే ఉండేవాడు.

"ఏటి గురూ, మీ సీమలో వాన పడదు గానీ రాళ్లు మాత్రం బాగా పడ్డట్టున్నాయి."

ఆదివారాలు సెలవు. ఒక ఆదివారం ఇద్దరం ధర్మవరం వెళ్లాం. అతనికి భార్య కోసం పట్టుచీర కొనాలని ఉంది. నాలుగిళ్లు తిరిగాం. మగ్గం మీద సగం నేసిన చీర ఒకటి అతనికి నచ్చింది, ముదురు ఆకుపచ్చ. నేత ముగిసే వరకు ఆగలేడా అని నేతగాడు అడిగితే, నాలుగు నెలలు ఈ ఊరి చుట్టే ఉంటానని, నడిచి వచ్చి పట్టుకెళ్తానని మాట ఇచ్చాడు.

జులైలో మొదటి మంచి వాన పడింది. అయిదు రోజుల తర్వాత మాకు పెనుకొండకు దక్షిణంగా ఉన్న ఒక గుట్ట పని అప్పగించారు. ముందురోజు సాయంత్రం సుబేదార్ సాబ్ టెంటులో మ్యాపు పరిచారు. గుట్టకు ఇవతల నల్లవంక అనే వాగు. వంక మీద అడ్డంగా చిన్న గీత. కింద సన్నటి అక్షరాలతో, రాతి దారి అని.

ఆ దారి వేయించింది మా ముత్తాత. మాది మునసబుల ఇల్లు. పెనుకొండ గుట్టల్లో కొట్టించిన బండలు ఎడ్లబండ్ల మీద తెచ్చి, వంక ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పరిపించాడు. ఎంత వరద వచ్చినా బండి చక్రం కూరుకోదని తాలూకా అంతా చెప్పుకునేవారట. మా తాత గూడుబండిలో అయిదేళ్ల వయసులో ఆ రాళ్ల మీదుగా నేను పోయాను. చక్రాలు కటకటమనేవి. గట్టు మీద గొర్రెల దొడ్ల దగ్గర ఉన్నవాళ్లు లేచి నిలబడి రెండు చేతులూ ఎత్తేవారు. తాత తల ఊపేవాడు.

తర్వాత కోర్టు కేసులు వచ్చాయి. పొలాలు పోయాయి. మునసబుగిరీ పోయింది. నాయన మమ్మల్ని హిందూపురం తీసుకొచ్చి, నూనె మిల్లులో గుమాస్తాగా చేరాడు. మిల్లుకు పోయేటప్పుడు కూడా చొక్కా ఇస్త్రీ మడత చెడేది కాదు. ఆయన మాకు నేర్పినవి రెండే. ఎవరి ముందూ నడుం వంచకూడదు. మన ఊళ్లో మనం దారి అడగకూడదు.

ఉదయం ఎనిమిదీ ఇరవైకి నల్లవంక గట్టు చేరాం. చేలల్లో జనం వేరుశనగ విత్తుతున్నారు. ఎవరినైనా పిలిస్తే వినపడే దూరమే. పిలవలేదు. గట్టు మీద రాతిగోడల దొడ్డి ఉంది. గోడ పక్కన ఒక ముసలామె మమ్మల్ని చూసి లేచి, రెండు చేతులూ పైకెత్తి ఊపింది.

"ఆవిడేదో చెప్తన్నాది గురూ," అన్నాడు సర్వేయర్.

"దండం పెడతాంది," అన్నాను. ఆమె వైపు తల ఊపాను.

"దిగమంతావా?"

"అక్కర్లేదు. కింద రాయి ఉండాది. మా ముత్తాత పరిపించింది."

ఆ మాట పార్టీలో ఎవరితోనైనా అనడం అదే మొదటిసారి. అతను నా వైపు తిరిగి చూశాడు.

"మీ జాగాయేటి ఇది? ముందే చెప్పుంటే బూట్లు విప్పి ఎక్కేవాణ్ణి కదా బండి."

వెనక ఆపరేటర్ నవ్వాడు. ఫస్టు గేరులో వాలు దిగాను. నాలుగు చక్రాలూ లాగేలా ఫోర్‌వీల్ గేరు వేశాను. వంక అడుగున ఇసుక ఎండి తెల్లగా ఉంది. దాని కింద జానెడు లోతున బండలు తగలాలి. చక్రాల కింద ఆ చప్పుడు వినాలని చెవి పెట్టాను కూడా.

చప్పుడు రాలేదు. ముందు ఎడమ చక్రం ఇసుక పొరను చీల్చుకుని బురదలోకి దిగింది. బండి నిదానంగా ఎడమకు వాలింది. అంత నిదానంగా వాలింది కాబట్టే ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. పక్కకు పడుకుంది. సర్వేయర్ పెట్టెను రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు. ఆ చేతులతో దేన్నైనా పట్టుకుని ఉంటే బయటికి జారేవాడు కాదు. అతని ఎడమ కాలు మోకాలి దిగువన జీపు అంచు కింద చిక్కింది.

ఇంజను ఆపాను. బ్యాటరీ తీగ పీకాను. పెట్రోలు ట్యాంకు మూత దగ్గర నుంచి చుక్క చుక్కగా కారుతోంది. ఇసుకలో రక్తం కనిపించింది. ఆపరేటర్ రేడియో సెట్టు అందుకుని క్యాంపును పిలిచాడు.

"ఒకటో బండి పడిపోయింది. ఒక మనిషి కింద చిక్కాడు. ఓవర్."

"రెండో బండి గుడిబండ అవతల ఉంది. రావడానికి రెండు గంటలు. మీ దగ్గర జాకీతో లేపండి. ఓవర్."

జాకీ పెట్టాను. పిడి తిప్పితే బండి లేవలేదు, జాకీ ఇసుకలోకి దిగింది. స్టెప్నీ టైరు అడుగున పెట్టాను. అదీ దిగింది. మూడోసారి పార కింద పెడితే పార వంగింది. సర్వేయర్ మొహం తెల్లబడుతోంది. మోకాలి పైన బెల్టు బిగించాం.

"గురూ, కాలు తెలీట్లేదు," అన్నాడు. అంతకు ముందు వరకూ నొప్పి అన్నవాడు.

అప్పటికి చేలల్లోంచి ఏడెనిమిది మంది పరుగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు వచ్చింది దొడ్డి యజమాని ఓబులేసు. మా తాత గూడుబండి తోలినవాడి కొడుకు. నన్ను పాతికేళ్ల తర్వాత చూస్తున్నాడు. ఒక్క చూపుకే పోల్చుకున్నాడు.

"నువ్వు మునసబు మనవడివి కదప్పా? ఆ నడుం చూస్తానే అనుకుంటి."

ఆయన వెనకే ముసలామె దిగివచ్చింది, ఆయన భార్య. ఆమె నన్ను ఊరికే వదల్లేదు.

"రావద్దు రావద్దని చేతులు ఊపితిని. నువ్వేమో తల ఊపి పోతివి. దారి అడిగింటే నోట్లో ముత్యాలు రాలిపోయేటివా?"

నేను ఓబులేసును రాతిదారి ఏమైందని అడిగాను.

"యాడిదప్పా ఇంకా. మీ నాయన హిందూపురం పోయినాక ఎవురు చూస్తారని ఊరంతా తలా నాలుగు పెరుక్కొంటిమి. ఇండ్లకు కొన్ని, దొడ్లకు కొన్ని. అవి పెరికిన గుంతలోనే నీ బండి పడింది." గట్టు మీది గోడ వైపు చెయ్యి చూపి, "మా దొడ్డిలోవీ మీ ముత్తాత రాళ్లే," అన్నాడు.

కోపం రావలసిన మాట. దానికి టైము లేదు. జాకీ కిందికి గట్టి రాయి కావాలి, బల్లపరుపుది, వంకలో ఒక్కటి కూడా లేదు. నేను చెయ్యి చాపి ఎవరినీ ఏదీ అడిగినవాణ్ణి కాదు. ఓబులేసు ముందు నిలబడి అడిగాను.

"ఓబులేసన్నా, నాలుగు రాళ్లు ఇస్తావా?"

"నాలుగు యాడ చాలుతాయి? ఆరు తీస్తాం పట్టు."

దొడ్డి గోడకు గడ్డపార వేశారు. గోడ మనిషి వెడల్పున కూలింది. ఒక్కో బండ ఇద్దరు మోస్తే గానీ రాలేదు. లోపల అరవై దాకా గొర్రెలు. సందు కనిపించగానే అవి అటు తోసుకొచ్చాయి. ఒకటి బయటపడితే మందంతా బయటపడుతుంది. చుట్టూ అప్పుడే విత్తిన చేలు. ముసలామె వెళ్లి ఆ సందులో నిలబడింది. రెండు చేతులూ బారుగా చాపి, గోడకు గోడలా నిలబడింది.

మొదటి రెండు బండలు బురద మింగింది. వాటి మీద ఇంకో రెండు పరిచాం. నాలుగో రాయి నిలిచింది. జాకీ కరుచుకుంది. రెండు బండలు అంచు కింద ఆపుగా పెట్టాం, జారితే మళ్లీ కాలి మీద పడకుండా. నేను బురదలో బోర్లా పడుకుని పిడి తిప్పాను. నాలుగు వేళ్ల సందు వచ్చింది. ఓబులేసు సర్వేయర్ చంకల కింద చేతులు వేసి లాగాడు. తొమ్మిదీ ముప్పై అయిదు. తలెత్తితే, గట్టు మీద ఆమె అలాగే ఉంది. గొర్రెలు ఆమె మోకాళ్లను తలలతో పొడుస్తున్నాయి.

విత్తే ఎడ్లను విప్పి మా తాడు కట్టి జీపును నిలబెట్టారు. స్టార్టు అయింది. హిందూపురం ఆసుపత్రికి పదకొండు లోపే చేర్చాను. అక్కడి నుంచి బెంగుళూరు పంపారు. కాలు దక్కింది. పెట్టెలో పరికరం గాజు కూడా పగల్లేదు.

మర్నాడు సుబేదార్ సాబ్ రిపోర్టు రాసి నా ముందు పెట్టారు. వానకు దారి కొట్టుకుపోయి ప్రమాదం జరిగిందని ఉంది. సంతకం పెట్టి పడుకోమన్నారు. నేను పెట్టలేదు. వాన కాదు, ముందు మనిషిని దించి నడిపించనిది నేనే, అదే రాయమన్నాను.

"ఇలా రాస్తే నీకు రావలసిన ప్రమోషన్ పట్టీ ఆగిపోతుంది," అన్నారు.

"ఆగనివ్వండి సాబ్."

ఆయన ఆ రిపోర్టు మడిచి పక్కన పెట్టి, కొత్త కాగితం తీశారు. పట్టీ రెండేళ్లు ఆగింది.

తర్వాత వచ్చిన ఆదివారం నల్లవంకకు నడిచి వెళ్లాను. బురదలోంచి బండలు తవ్వి తీయడానికి నాలుగు గంటలు పట్టింది. దొడ్డి సందును కంపతో మూసి ఉంచారు. ఓబులేసు ఒక వైపు, నేను ఒక వైపు పట్టుకుని రాళ్లు పైకి చేర్చాం. గోడ పేర్చింది నేను. ముసలామె కూర్చుని చెప్పింది.

"అది కాదప్పా. బరువుది కిందికి ఎయ్. మునసబు ఇంట్లో గోడ కట్టేది కూడా నేర్పియ్యలేదా?"

ఆమె చెప్పిన రాయి చెప్పిన చోట పెట్టాను. చివర్లో ఆమె రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టింది. కంచం ఖాళీ చేసి ఇంకో ముద్ద అడిగాను.

సెప్టెంబరు ఆఖరున ధర్మవరంలో బండ్లు మళ్లీ వ్యాగన్ల మీద ఎక్కించాం. సర్వేయర్ బెంగుళూరు నుంచి చేతికర్రతో వచ్చి మమ్మల్ని అక్కడే కలిశాడు. చంకలో ఆకుపచ్చ చీర పొట్లం. నడిచొచ్చి పట్టుకెళ్తానన్న మాట నిలబెట్టుకున్నానని, ఎంత కుంటినా నడకే కదా అని నవ్వాడు. రైలు కదిలాక కర్రను నా ఒళ్లో పడేసి, "ఈసారి నువ్వు ముందు నడు గురూ, నేను వెనకాల బండి తోలుతాను," అన్నాడు.

ఇప్పుడు హిందూపురంలోనే ఉంటున్నాను. నల్లవంక మీద సిమెంటు కల్వర్టు కట్టారు. ఓబులేసు లేడు, ఆమె లేదు. దొడ్డి గోడ మాత్రం ఉంది. ఆ పక్కనుంచి ఎప్పుడు పోయినా బండి ఆపుతాను. నేను కట్టిన చోటు నాకు తెలుస్తుంది. అక్కడ నా కళ్లకు రాళ్లు కనబడవు. మా ముత్తాత రాళ్లు తీసిన సందులో, రెండు చేతులూ బారుగా చాపి, వెనక అరవై గొర్రెల్ని ఆపుతూ ఆమె నిలబడి ఉంటుంది.